రాజాకు మా బావ మొకం

మా పెద్దరాజా మొకం ఎట్లుంటదో మా ఊర్ల ఒక్కనికి తెల్వకుండె. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. ఆయన పల్లకి బయలెల్లిందంటె ముంగట జవాన్లు "హుషార్! హుషార్!" అనుకుంట ఉరికొస్తుండిరి. ఆ కేక చెవుల పడంగనే బజార్ల ఉన్నోడు ఉన్నకాడ్నే చెప్పులిడిచి, నడుమొంచి, కండ్లు నేల మీద పెట్టాలె. తలకాయ లేపినోనికి ఏమైతుండెనో ఇప్పుడు చెప్పను, మీరు అన్నం తినుకుంట చదువుతుంటరేమో. ఆయన ఏలినన్ని ఏండ్లు మా ఊరు ఊరంత పల్లకి మోసే బోయల కాళ్లే చూసింది. ఏ బోయోనికి ఏ వేలు వంకరనో అడుగుండ్రి, చెప్తం. లోపల కూసున్నాయన సంగతి అడుగొద్దు.

మాది గుండ్లకోట. పాన్‌గల్ గుట్టలకు ఇవతల, కృష్ణకు ఈ ఒడ్డున బుడ్డ సంస్థానం. మా తాతలను గద్వాల నుంచి తీస్కొచ్చి మగ్గాలు పెట్టిచ్చి కూసోబెట్టిండ్రు. మా నేత ఇద్దరు కూసోని నేసే నేత. నూలు ఒళ్లు, పట్టు అంచు; అంచుకాడ కుట్టు కలపాలంటె పక్కన ఇంకో మనిషి ఉండాలె. ఒకే మగ్గం గుంటల నేను, మా అక్క నాగమణి మొగడు బాలకిష్టయ్య, పక్కపక్కన. ఆయన బావ, నేను బామ్మర్దిని. అంటె పొద్దంత నా నోరు ఆయన చెవు పక్కనే. ఆ మనిషి ఓపికకు దండం పెట్టాలె.

జర్మనోళ్ల లడాయి షురువైన ఏడు మా దివాన్‌జీకి ఒక ఆలోచన పుట్టింది. పెద్దరాజా కొడుకులు లేకుండనే పోయిండు. రాణమ్మ ఒక పోరన్ని దత్తత తెచ్చుకున్నది. రాజాగారి తమ్ముని కొడుకు నాగర్‌కర్నూల్ల కూసోని, ఆ దత్తత చెల్లదు, గద్దె నాది అని వకీళ్లను మేపుతుండు. హైద్రాబాద్ సర్కార్ ఇంక ముద్ర ఎయ్యలే. ఇగ దివాన్‌జీ ఏమనుకున్నడంటె, బజార్ నడిమిట్ల పెద్దరాజా బొమ్మ నిలబెట్టి, దత్తత పోరని చేతులతోని ముసుగు తీపిస్తె, తండ్రీకొడుకులని లోకం ఒప్పుకుంటది అని.

అనుకున్నడు, మద్రాసు దిక్కు నుంచి రాతిబొమ్మలు చెక్కే ఒక ఆచారిని పిలిపిచ్చిండు. నల్లరాయి తెప్పిచ్చిండు. ఇగ మొకం కావాలె కదా? పెద్దరాజాకు ఫొటో అంటె భయముండె, ఫొటో దిగితె ఆయుష్షు తగ్గుతదని. ఎన్నడో హైద్రాబాద్ దర్బార్ల అందరితోని దిగిన ఒక్క ఫొటో దొరికింది. అండ్ల ఆయన ఎనక వరుసల, శెనగ్గింజంత. దివాన్‌జీ ఏమో పెద్దరాజా పోయినంక వచ్చినోడు. రాణమ్మను అడిగిపిచ్చిండ్రు. ఆమె చిన్నప్పుడు లగ్గమై వచ్చింది, రాజా ఎప్పుడు వచ్చినా తల వంచుకొని ఉండేది. "నేను కాళ్లే ఎరుగుదును" అన్నదంట. బొమ్మకేమో బూట్లు, ఆ కాళ్లు గూడ అక్కరకు రావు! అయిపాయె.

రాజా ఉండే గడిల బట్టల కొట్టు చూసేటోడు మల్లన్న అని ఉండె. పెద్దరాజా షేర్వాణీలు కాపాడుకుంట వచ్చినోడు, వాని చూపు గూడ ఎన్నడు మెడకాడి బొత్తం దాటలే. ఆ బట్టలు ఎవరికన్న తొడిగి నిలబెడితె చూసి చెక్కుత అన్నడంట ఆచారి. గడిల ఉన్న పెద్దమనుషులకు తొడిగితె బొత్తాలు తెగి గోడలకు తాకినయంట. అదే యాళకు మా బావ దోతుల మూట తీస్కపోయిండు. మల్లన్న ఒకసారి కిందికెల్లి మీదికి చూసిండు, షేర్వాణీ తొడిగిండు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"రాజా బట్టల్ల మగ్గపోడు నిలబడ్డడని బయటికి పొక్కిందో," అని దివాన్‌జీ బావ ముంగట ఏలు ఊపిండు. అంతే అన్నడు. మాట పూర్తి చెయ్యలే. పూర్తి చేసినా గంత భయం కాకపోవు.

బావ మాకు చెప్పిండు, నాకు, అక్కకు, ఆయన తల్లి లక్ష్మీదేవమ్మకు. ఇంకెవరికీ లేదు. రోజూ పొద్దుగాల ఆచారి బొమ్మ చెక్కే రథం కొట్టంల పోయి నిలబడుడు, మల్ల వచ్చి మగ్గం ఎక్కుడు. 

"మంచిగ నిలబడుతున్నవా దొరా?" అని అడుగుతుంటి నేను.

"రాళ్ల దుమ్ముకు తుమ్ములొస్తున్నయి, ఊకో."

"ఫొటో చూసి చెక్కుతుండా మొకం?"

"ఏమో రా. ఫొటో అవతల పడేసిండు. నన్నే చూస్తుంటడు." 

నేను నవ్విన. అక్క నవ్వలే. కండె చుట్టుకుంట చెయ్యి ఆపి, "నిన్నెందుకు చూస్తుండు?" అన్నది.

ముసుగు తీసే రోజు వచ్చింది. బజారంత నీళ్లు చల్లిండ్రు, బాజాలు పెట్టిండ్రు. ఊరోళ్లమంత ఒక్కకాడ కూడినం. దత్తత పోరడు బిక్కమొకం పెట్టుకొని తాడు పట్టుకున్నడు. జవాన్లకు అలవాటేనాయె, ముసుగు జారంగనే వాళ్ల పెద్ద ఖాజా మియా జమాదార్ "హుషార్!" అని అరిచిండు. మా ఊరోళ్లకూ అలవాటేనాయె. గంత మంది ఒక్కసారి నడుములు ఒంచి కండ్లు నేల మీద పెట్టిండ్రు. బొమ్మ ముసుగు జారింది, చూసేటోడు లేడు. 

నేను మాత్రం ఓరకంట చూసిన. చూడకుంటె బాగుండు.

దివాన్‌జీకి కోపమొచ్చింది. "చూడుండ్రి! తలలెత్తి చూడుండ్రి మీ రాజాను!" అని మొత్తుకున్నడు.

ఒక్కొక్కరు భయపడుకుంట తలకాయలు లేపిండ్రు. బొమ్మ గొప్పగ ఉంది. తలపాగ, షేర్వాణీ, బూట్లు, నడుముకు కత్తి. కాని ఎడమ భుజం కిందికి జారి, మెడ జర ముందుకొంగి, కుడిచెయ్యి ఏళ్లు ముడిచి, మగ్గం మీద నాడె ఇసిరేటోడు తిరిగొచ్చే నాడె కోసం చూస్తున్నట్టే ఉంది. ఆ ముక్కు, ఆ దవడ, ఆ మీసం. మీదికెల్లి మా బావ నల్లరాయి అయి చూస్తుండు.

బాజాలు ఆగిపోయినయి. నా ముంగటున్న మనిషి మెల్లగ ఎనక్కి తిరిగి మా బావ దిక్కు చూసిండు. వాని పక్కనున్నోడు తిరిగిండు. ఇంకొకడు. ఇంకొకడు. బొమ్మ దిక్కు ఉన్న మొకాలన్ని ఒకటెనక ఒకటి మా దిక్కు తిరిగినయి. బావ నా చెయ్యి పట్టుకున్నడు.

అక్కడ్నే, నా పక్కనే, ఒక ముసలామె చెప్పులిడిచింది.

మీకు తెలివి ఉంది కాబట్టి అనుకుంటరు, రాజా మొకం చూడనోళ్లకు ఆ బొమ్మ రాజాలెక్క ఉందని ఎట్ల తెలిసింది అని. తెల్వలే. బొమ్మే చెప్పింది. ఇది రాజా అని దివాన్‌జీ చెప్పిండు, ఇగ రాజా గట్లనే ఉంటడు. రాజా మొకమే బాలకిష్టయ్యకుంది. ఎట్లొచ్చింది మరి? అక్కడికెల్లి ఊరోళ్ల తలకాయలు ఎటు ఉరికినయో నేను చెప్పేదేంది.

మరుసటి రోజు కాడికెల్లి మా ఇంటి ముంగట మనుషులు నిలబడుడు మొదలైంది. ఏం మాట్లాడరు. అరుగు దాంక వచ్చి, చెప్పులిడిచి, నిలబడి పోతరు. ఒకామె లక్ష్మీదేవమ్మ కాళ్ల మీద పడి, "ఇన్నేండ్లు కడుపుల దాచుకున్నవా తల్లీ" అని ఏడ్చింది.

అత్తకు అర్థం కానీకె జరసేపు పట్టింది. అయినంక చీపురు అందుకున్నది. "నేనా? రాజాతోనా? ఓసి నీ నోట్ల మన్నువడ! పొద్దుగాల లేస్తె నూలు తోడుడు, పొద్దుగూకితె ముగ్గురు మరుదులకు వండుడు. నాకు రాజాతోని పండనీకె యాళేడుండె?" 

నేను కడుపు పట్టుకొని నవ్విన. అరుగు మీదున్నోళ్లు నవ్వలే. "గట్లనే చెప్పాలె మరి. ఇజ్జత్ కదా" అనుకుంట పోయిండ్రు.

బావ బయటికొచ్చి నెత్తి నోరు కొట్టుకున్నడు. "నేను మా నాయన కొడుకును. ఆచారి నన్ను చూసి చెక్కిండు" అని చెప్పబోయిండు. అక్క ఎనకకెల్లి వచ్చి ఆయన నోరు మూసింది. చెప్తె దివాన్‌జీ చంపుతడు. చెప్పకుంటె ఊరు ఆయనను రాజా కొడుకును చేస్తది, అప్పుడూ దివాన్‌జీయే చంపుతడు. దత్తత పోరడు గద్దె మీద ఉండాలంటె రాజాకు రక్తం పంచుకున్న కొడుకు ఉండొద్దు కదా. ఉన్నడని అనుకుంటె గూడ చాలు.

గా సంగతి మా కన్నా ముందు నాగర్‌కర్నూల్‌కు తెలిసింది. రక్తం కొడుకు ఉన్నడంటె దత్తత చెల్లదు, లగ్గం లేకుండ పుట్టినోనికి గద్దె రాదు, ఇగ గద్దె తమ్ముని కొడుకుకే. ఆ దాయాది మనిషి ఒకడు మామిడిపండ్ల గంప మోపిచ్చుకొని వచ్చిండు. ఎంత తియ్యగ మాట్లాడిండంటె చీమలు పట్టాలె వాన్ని.

"హైద్రాబాద్ వచ్చి సాహెబుల ముంగట మొకం చూపిస్తె చాలు బాలకిష్టయ్యా. మీరు ఒక్క మాట మాట్లాడే పని లేదు."

"నేను రాజా కొడుకును గాను అయ్యా."

"మీ మాట ఎవరు అడుగుతుండ్రు? మొకమే చెప్తది." వాడు పండు ఒకటి తీసి తుడుచుకుంట, "రాకుంటె మాత్రం ఇక్కడ మీరు ఎన్ని రోజులు..." అని ఊకున్నడు. వీళ్లెవరూ మాట పూర్తి చెయ్యరు.

అక్క ఆ గంప ఎత్తి బజార్ల పెట్టింది. పండ్లు ఒక్కరు ముట్టలే, పందులు గూడ ముట్టలే అని చెప్తె మీరు నమ్మరు. పందులు ముట్టినయి లెండి.

నవ్విచ్చిన కదా, ఇగ ఇది ఇనుండ్రి. ఆ వారంలనే బట్టల కొట్టు మల్లన్నను గడిలకు పిలిచిండ్రు. పోయిండు. మూడోనాడు కోట ఎనక దిగుడుబావిల తేలిండు. కాలు జారిందన్నరు. మల్లన్న పుట్టిన కాడ్నుంచి ఆ బావిల నీళ్లు తోడినోడు. షేర్వాణీ ఎవరికి తొడిగిండో తెలిసిన మనుషుల్ల ఒకడు తక్కువైండు. ఆచారి ముందే మద్రాసు రైలెక్కిండు, తెలివిగలోడు. ఇంక మిగిలింది మేమే.

ఆ రోజు మల్ల మగ్గం ఎక్కినం. నాడె పోతుంది, వస్తుంది. బావ చెయ్యి కుట్టుకాడ తప్పుతుంది. ఎన్నడు తప్పని చెయ్యి. 

"బావా, మీసం తీసెయ్యి," అన్న నేను. "బొమ్మకు మీసముంది. నీకు లేకుంటె సగం మొకం పోయినట్టే."

మంచిగనే తోచింది అందరికి. మంగలి భీమయ్యను పిలిచినం. మీసం నున్నగ తీసేసిండు. బావ పై పెదవి తెల్లగ, పసిపిల్లగానిది లెక్క బయటపడ్డది. నేను అద్దం పట్టి, "చూడు, పెండ్లికొడుకా" అన్న. ఆయన గూడ జర నవ్విండు. చాన రోజులకు.

బయటికి పోయొచ్చిండు. వచ్చి తలుపుకు గొళ్లెం పెట్టిండు.

"ఏమైంది?"

"ఏడుస్తుండ్రు రా. నన్ను చూసి ఏడుస్తుండ్రు. తండ్రికి కర్మ చెయ్యలేకపోయిండు, ఇప్పుడన్న మీసం తీసిచ్చుకున్నడు అంటుండ్రు."

తండ్రి పోతె మీసం తీస్తరని నాకు తెల్వదా? తెలుసు. ఆ యాళకు యాదికి రాలే. ఆ సాయంత్రమే ఖాజా మియా జమాదార్ వచ్చి అరుగు మీద కూసున్నడు. చెడ్డోడు గాదు ఖాజా మియా. ఆయన బిడ్డ పెండ్లికి రుమాలు నేసిచ్చినం. కండ్లు మాత్రం మా దిక్కు లేపలే.

"బాలకిష్టయ్యా, రేపు దివాన్‌జీ పిలుస్తుండు. మంచి బట్టలు ఏసుకొని ఉండు. నేనే వచ్చి తీస్కపోత."

"ఏం పని జమాదార్ సాబ్?" అక్క అడిగింది.

"నాకు తెల్వదమ్మా." 

"మల్లన్నను గూడ నువ్వే వచ్చి తీస్కపోయినవా?"

ఖాజా మియా లేచిండు. పోయేటప్పుడు గల్లీ ఆ మూలకు ఒక జవాన్ను, ఈ మూలకు ఒక జవాన్ను నిలబెట్టి పోయిండు.

పొద్దుగాలనే నేను చోటే మియా ఇంటికి ఉరికిన. బండి తోలేటోడు, నా దోస్తు. వాని భార్య మౌలాబీది బుర్ఖా అడిగిన. బావకు తొడిగి, బండిల ఎక్కిచ్చి, కృష్ణ రేవు దాటిస్తె గద్వాలల మా వాళ్లున్నరు. రేవు దాటితె గుండ్లకోట దివాన్‌జీ మాట చెల్లదు. మౌలాబీ కొత్త బుర్ఖా ఇచ్చింది, పాపం. 

"నడుము ఊపుకుంట నడువు బావా."

"నీ అక్క లెక్కనా, మీ అమ్మ లెక్కనా?"

అంత భయంల గూడ గంత మాటన్నడు. బజారు అవతల ఆగిన బండి దిక్కు నడిచినం. ముంగట చాంద్‌బీ, చోటే మియా చెల్లె, దారి చూపిస్తున్నట్టు. నడిమిట్ల బుర్ఖాల బావ. ఎనక నేను. మూలకున్న జవాను ఆడోళ్లని తల పక్కకు తిప్పిండు. అయిపోయింది, బయటపడ్డం అనుకున్న.

బజార్ల కూరగాయలమ్మే ముసలోడు లేచి నిలబడ్డడు. బుర్ఖా దిక్కు చూసిండు. ఆ జారిన భుజం, ఆ ముందుకొంగిన మెడ. ఎదురుంగ రాతి బొమ్మది గూడ గదే భుజం, గదే మెడ. ముసలోడు చెప్పులిడిచి నడుమొంచిండు. పక్కన పుష్ప అని గాజులమ్మే ఆమె, ఆమె గూడ. ఇంకొకరు, ఇంకొకరు. బజారు బజారంత ఒక బుర్ఖాకు వొంగింది. ఒక్కరు నవ్వలే. అండ్ల ఎవరూ మా చెడు కోరలే. భక్తి అది. అట్ల భక్తితోనే మమ్మల్ని పట్టిచ్చిండ్రు.

జవాన్లు చూసిండ్రు. పట్టుకోలే. ఇంటి దిక్కు చెయ్యి చూపెట్టిండ్రు, అంతే. మేం ఎనక్కి తిరిగినం.

ఇంట్ల అక్క అన్నీ ఇన్నది. బావ బుర్ఖా తీసి మడతపెట్టి, "మౌలాబీకి ఇచ్చెయ్యండ్రి, మంచిగుంది" అన్నడు. మూలకు కూసున్నడు. అత్త ఆయన తల నిమురుకుంట ఏదో గొణుగుతుంది. నేను దొడ్డి గోడ దూకుదామంటున్న, గడ్డిబండిల పండవెడ్త అంటున్న, నా నోరు ఆగుతలేదు. అక్క నా దిక్కు చూసి, "ఇగ ఊకో తమ్మీ" అన్నది. మెల్లగనే అన్నది.

లేచి పొయ్యి కాడికి పోయింది. పడుగుకు పెట్టే గంజి పొద్దుగాలనే పొయ్యి మీద పెట్టింది, ఎవరికీ యాది లేదు. బుడగలు లేస్తున్నయి. చెంగుతోని కుండ పట్టుకున్నది. నేను గంజి దించుతుంది అనుకున్న.

"ఇటు చూడు," అన్నది బావతోని.

బావ చూసిండు. ఆమె చేతుల ఏముందో చూసిండు. ఆయన కదలలే. అది నేను మీకు ఎట్ల చెప్పాలె. కండ్లు మూసుకున్నడు, గంతే. మొకం మాత్రం ఆమె దిక్కే పెట్టిండు.

ఆ అరుపు గల్లీ ఆ మూల దాంక పోయింది.

ఖాజా మియా వచ్చేవరకు మేం కలబంద గుజ్జు, తడిబట్ట ఏసి పండవెట్టినం. అత్త స్పృహ తప్పి పడ్డది. అక్క చేతులు గూడ కాలినయి, ఆమెకు తెలుస్తలేదు. జమాదార్ ఎనక జవాన్లు నిలబడ్డరు. 

"ఏమైంది?"

"గంజి మీద పడ్డది," అన్నది అక్క.

ఖాజా మియా వొంగి తడిబట్ట లేపిండు. చూసిండు. చానసేపు చూసిండు. మల్ల మెల్లగ కప్పి, చేతులు షర్టుకు తుడుచుకున్నడు. ఎనక్కి తిరిగి జవాన్లతోని గట్టిగ, అందరికి ఇనపడేటట్టు అన్నడు.

"రాజా మొకమున్నోన్ని తీస్కరమ్మన్నడు దివాన్‌జీ. గీ ఇంట్ల అసొంటోడు లేడు. పదుండ్రి."

గడప దాటుకుంట నా చెవుల, "పొద్దుగూకకముందే పోండ్రి. రేపు ఆయన ఇంకేం అడుగుతడో నాకు తెల్వదు" అన్నడు.

చోటే మియా బండి కట్టిండు. బజార్లకెల్లి పోతుంటె ఒక్కరు చెప్పులిడువలే. మొకానికి గుడ్డ కట్టుకొని మూలుగుతున్న మనిషిని ఎవరు గుర్తుపడ్తరు? రేవు కాడ సిపాయి బండి ఆపి, గుడ్డ లేపి, "థూ" అని ఇడిచిపెట్టి, పొమ్మని చెయ్యి ఊపిండు. మౌలాబీ ఇచ్చిన మెత్తటి దుప్పట్ల పెట్టి బావను గుండ్రటి పుట్టి పడవల పండవెట్టినం. అత్త నా మీద ఒరిగి కూసున్నది. అక్క ఆయన తల ఒళ్లె పెట్టుకున్నది.

పుట్టి తిరుక్కుంట తిరుక్కుంట నడి కృష్ణకు వచ్చింది. అప్పుడు బావ నోరు తెరిచిండు. పెదవులు వాసి మాట సరిగ వస్తలేదు.

"చెయ్యి జారిందా, నాగమణీ?"

"లేదు," అన్నది అక్క.

పుట్టి అడుగుకు నీళ్లు కొట్టుకుంటున్నయి.

"నాకు తెలుసు తియ్యి," అన్నడు. "గంజి మాత్రం మస్తు చిక్కగ కాసినవ్."

అక్క పొద్దుగాల్నుంచి ఏడ్వనిది అప్పుడు ఏడ్చింది. పుట్టి తోలేటోడు గూడ తెడ్డు ఆపి చూసిండు. నేను ఏదన్న అనాలె కదా, నవ్విచ్చేటోన్ని నేనే కదా. నోరు తెరిచిన. ఒక్క మాట రాలే.